నడుముకో స్టేషను

చిలకమ్మ ఎవరి నడుము కొలతనూ అంకెల్లో చెప్పదు. స్టేషను పేరుతో చెబుతుంది.

ఖరగ్‌పూర్‌లోని తెలుగు ఆడవాళ్లకి ఈ సంగతి కొత్త కాదు. ఝపటాపూర్‌లో ఆవిడ కుట్టుకొట్టు ముందు ఇద్దరు ఎదురుపడితే "నీదేటి?" "బెల్దా. నీదో?" "దాంతన్" అనుకుని ఎవరి దారిన వాళ్లు పోతారు. కొత్తగా వచ్చినవాళ్లెవరైనా వింటే పుట్టిళ్ల గురించి మాట్లాడుకుంటున్నారనుకుంటారు.

కొట్టు అంటే ఒక గది. బోర్డు మీద తెలుగు, బెంగాలీ, హిందీ భాషల్లో ఆవిడ పేరు రాసి ఉంటుంది. మూడింట్లోనూ తప్పులున్నాయి, అయితే మూడూ వేర్వేరు తప్పులు. లోపల ఒక మిషను, నిలువుటద్దం, ఎత్తు స్టూలు. బయట అరుగు మీద కుర్చీలో ఆవిడ భర్త జగ్గారావు. ఆయన గూడ్సు గార్డుగా చేసి రిటైరయ్యాడు. గార్డు అనకూడదట, ట్రైన్ మేనేజర్ అనాలట. ఆ పేరు ఆయన రిటైరయ్యాక వచ్చింది గానీ, తనకూ వర్తిస్తుందని ఆయన అభిప్రాయం. చేతిలో ఎప్పుడూ అట్ట ఊడిన పాత రైల్వే టైమ్‌టేబుల్ ఉంటుంది. దాన్ని ఆయన పురాణం చదివినట్టు చదువుతుంటాడు.

చిలకమ్మ దగ్గర టేపు లేదు. తెల్లటి శాటిన్ రిబ్బను చుట్ట ఒకటి ఉంటుంది. దాన్ని మన నడుము చుట్టూ తిప్పి, గోరుతో నొక్కిపట్టి, అక్కడికి కత్తిరిస్తుంది. ఆ ముక్కని అరచేతిలో వేసుకుని చూస్తుంది. ఒకసారి బయట అరుగుకేసి చూస్తుంది. తర్వాత "అమర్దా రోడ్డు" అంటుంది. ఇక ఆ విషయం మీద ఆవిడతో బ్రహ్మదేవుడు కూడా మాట్లాడలేడు.

నేను మాట్లాడబోయాను. నా పేరు శ్రీవిద్య, లెక్కల టీచర్ని. పందొమ్మిదేళ్ల కిందట నా పెళ్లి జాకెట్టుకి కొలతలివ్వడానికి వెళ్లాను. అప్పటికి జగ్గారావు ఇంకా డ్యూటీలో ఉన్నాడు. రిబ్బను నా చుట్టూ తిప్పుతుండగా ఆవిడ ఫోను మోగింది. "అలగా... తొమ్మిది గంటల నుంచా... ఏదో ఒకటి తినీ" అని పెట్టేసి, నా రిబ్బను కత్తిరించింది.

"టీచరమ్మా, నువ్వు నేకుర్‌సేని."

"అంటే ఎన్ని అంగుళాలండీ?"

"నేకుర్‌సేని అంటే నేకుర్‌సేనే."

"అది స్టేషను కదండీ."

"మరి నానేటి బస్టాండన్నానా?"

జాకెట్టు మాత్రం నా ఒంటి మీదే పుట్టినట్టు కుదిరింది. కానీ నా మనసు కుదుటపడలేదు. లెక్కల టీచరుకి సొంత నడుము ఎంతో తెలియకపోవడమేమిటి? మా స్టాఫ్‌రూములో పదకొండు మంది ఆడవాళ్లు ఆవిడ దగ్గరే కుట్టించుకుంటారు. ఒక్కొక్కరి స్టేషను అడిగి రాసుకున్నాను. బతిమాలి టేపుతో అంగుళాలూ కొలిచాను. గ్రాఫు కాగితం మీద అడ్డంగా స్టేషన్లు, నిలువుగా అంగుళాలు వేసి చుక్కలు పెట్టాను. దూరపు స్టేషనైతే పెద్ద నడుము అయి ఉండాలి కదా. తీరా చూస్తే కాగితం మీద ఆవాలు చిమ్మినట్టుంది. నిమ్‌పురా నుంచి వచ్చే ఒక తల్లీకూతుళ్లయితే ఇద్దరూ జలేశ్వరే. తల్లిది నలభై, కూతురిది ఇరవై ఏడు.

రాత్రి భోజనాల దగ్గర ఈ అన్యాయం మా ఆయన ప్రద్యుమ్నకి చెప్పాను. ఆయన రైల్వే ఆఫీసులో పనిచేస్తారు.

"ఒక స్టేషన్లో రెండు ప్లాట్‌ఫారాలు ఉండవా?" అన్నారు.

ఆయనతో ఆ వారమంతా మాట్లాడలేదు. ఆ గ్రాఫు ఇప్పటికీ నా బీరువాలో ఉంది. ఈ పందొమ్మిదేళ్లలో నాకు మిగిలిందల్లా ఒక జబ్బు. ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నప్పుడు మైకులో నేకుర్‌సేని పేరు వినిపిస్తే, నాకు తెలియకుండానే కడుపు లోపలికి లాక్కుంటాను.

జాకెట్లకి ఆవిణ్ణి మెచ్చుకునేవాళ్లు చాలామంది ఉన్నారు గానీ, అసలు పేరు గౌన్ల మీద వచ్చింది. మా రైల్వే కాలనీల్లో చర్చి పెళ్లిళ్లు ఎక్కువ. ఆంగ్లో ఇండియన్ల పిల్లలూ, మన తెలుగు క్రైస్తవుల పిల్లలూ తెల్లగౌను అనగానే చిలకమ్మ దగ్గరికే వస్తారు. ఇప్పటి పిల్లలు ఊరికే రారు, ఫోన్లో యాభై బొమ్మలతో వస్తారు. ఎంపైర్, నేచురల్, బాస్క్, డ్రాప్ అని గౌను నడుముల రకాలు గడగడా చదువుతారు. చిలకమ్మ ఆ బొమ్మలన్నీ ఓపిగ్గా చూసి తన భాషలోకి దింపుతుంది.

"ఇది రొమ్ము కిందే కట్టీసినాడు గదా, ఓవర్‌బ్రిడ్జి. ఇది ఉన్న నడుం కాడే ఉన్నాది, ప్లాట్‌ఫారం. ఇది నడుం దిగిపోయి తుంటి మీద కూకుంది, సబ్‌వే. ఇదిగో, ముందర కోసుగా దిగీసి రెండు లైన్లు కలిసినట్టున్నాది, ఇది జంక్షను. ఇక ఇది సూడు, నడుం కాడ కుట్టే నేదు, భుజం నుంచి కిందదాకా ఏకంగా ఎల్లిపోనాది. త్రూ బండి. దీనికి మజ్జిలో హాల్టు నేదు."

"నాకు జంక్షను కావాలత్తా," అంటుంది పెళ్లికూతురు.

"నీకేటి కావాలో నీ నడుం సెప్తాది. స్టూలెక్కు."

అక్కడి నుంచి పరీక్షలు మొదలవుతాయి. ముందు స్టూలెక్కి రెండు చేతులూ పైకెత్తాలి, సిగ్నల్ ఇచ్చినట్టు. తర్వాత దిగి చాప మీద మోకరించాలి. "చర్చిలో పాదిరిగారి ముందర ఎంతసేపు మోకాళ్ల మీద ఉంటావు? అప్పుడు నడుం ఎటెల్తాదో సూడాల గదా." ఆ తర్వాత కుర్చీలో కూర్చుని గిన్నెడు ఘుగ్నీ, దోసెడు ముడీ తినాలి. ఈ శనగల కూరా మరమరాలూ ఆవిడే ఇంటి నుంచి తెస్తుంది. ఖాళీ కడుపుతో ఉన్న పిల్లని ఆవిడ కొలవదు. "పెళ్లినాడు బిరియానీ తినవేటి? తిన్న నడుమే అసలు నడుం," అంటుంది.

పొట్టి పిల్లకి ఓవర్‌బ్రిడ్జి పెట్టి కాళ్లు పొడుగ్గా కనిపించేలా చేస్తుంది. కాస్త బొద్దుగా ఉన్న పిల్లకి కోసు జంక్షను దింపి నడుము తెప్పిస్తుంది. కానీ నీ పొట్ట దాచడానికి, నీ పొట్టితనం కప్పడానికి అని ఒక్క ముక్క అనదు. "ఓవర్‌బ్రిడ్జి మీదైతే గాలి బాగా తగుల్తాదమ్మా, మే నెల పెళ్లి గదా" అంటుంది. నవంబరు పెళ్లికి కూడా అదే మాట చెప్పడం నేను విన్నాను.

ఇక జెనీ సంగతి.

జెనీ నా శిష్యురాలు. ఎనిమిదో తరగతిలో నా దగ్గర లెక్కలు నేర్చుకుంది. ఇప్పుడు ప్రేమ్ బజార్‌లో జిరాక్సు కొట్లో పనిచేస్తోంది. తండ్రి నూకరాజు నిమ్‌పురా షెడ్డులో మెకానిక్కు, తల్లి లేదు. మనిషి పొడగరి, నిండుగా ఉంటుంది, నవ్వితే పక్కకొట్టు వాళ్లు కూడా ఏమిటా అని తొంగి చూస్తారు. జెఫ్రీ అనే టికెట్ కలెక్టరు ఒకే ఆధార్ కార్డుని పదకొండుసార్లు జిరాక్సు తీయించుకున్నాక పెళ్లి నిశ్చయమైంది.

జెఫ్రీ తల్లి తబిత. మంచి మనిషే గానీ ఆవిడకి ఒక గర్వముంది. తన పెళ్లినాటికి తన నడుము ఇరవై ఆరు అంగుళాలన్నది ఆవిడ చర్చిలో కొత్తవాళ్లకి నమస్కారం తర్వాత చెప్పే రెండో మాట. ఆ పెళ్లిగౌను ముప్పై ఏళ్లుగా ట్రంకుపెట్టెలో నాఫ్తలీను ఉండల మధ్య దాచింది. ఇంటికి వచ్చే కోడలు అదే గౌనుతో చర్చిలో అడుగుపెట్టాలని ఆవిడ ముచ్చట. ఆ గౌను కుట్టింది చిలకమ్మే.

పెళ్లి మూడు వారాల్లోకి వచ్చింది. తబిత ఫోను చేసి కాబోయే కోడలి నడుము ఎంతని అడిగింది. జెనీ చిలకమ్మ దగ్గరికి వచ్చింది. నేనూ అప్పుడు అక్కడే ఉన్నాను, మా అమ్మాయి లంగా కోసం. చిలకమ్మ టీ తేవడానికి బయటికి వెళ్లింది.

"టీచర్, చిలకమ్మత్త అంకె చెప్పదు. తబితా ఆంటీ అంకె అడుగుతున్నారు. మీరు కొలిచి చెప్పరా?" అంది జెనీ.

పందొమ్మిదేళ్ల నా కసి ఒక్కసారి లేచింది. కొలతల పాఠం కోసం నా సంచిలో ఎప్పుడూ టేపు ఉంటుంది. తీసి, చుట్టి, చదివి, క్లాసులో చెప్పినట్టు గట్టిగా చెప్పాను.

"ముప్పై నాలుగు."

జెనీ నవ్వు ఆగిపోయింది. "ఆంటీది ఇరవై ఆరు టీచర్."

"తేడా ఎనిమిది," అన్నాను. అడగకుండానే తీసివేత కూడా చేసి పెట్టాను. ఇప్పుడు తలుచుకుంటే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

టీ గ్లాసులతో వచ్చిన చిలకమ్మ నా చేతిలో టేపు చూసింది. గ్లాసులు కింద పెట్టింది. "ఎంత పని సేసినావు టీచరమ్మా," అని, మిషను దగ్గర కూర్చుని కుట్టుకుంది. ఆవిడకి కోపం వస్తే మిషను చప్పుడు ఎక్కువవుతుంది.

ఆ అంకె సాయంత్రానికి తబితకి చేరింది. తబిత కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "ఏం ఫరవాలేదమ్మా, మూడు వారాలుంది. వారానికి రెండున్నర అంగుళాలు తగ్గించీ," అని ప్రేమగా చెప్పింది. మూడు రెండున్నరలు ఏడున్నరే అవుతుంది, ఎనిమిది కాదు. ఆ మాట మా ఆయనతో అంటే ఆయన కూరగిన్నె తీసుకుని వరండాలోకి వెళ్లిపోయారు.

పదో రోజున నూకరాజు మా ఇంటికొచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. యూనిఫాం మీదే ఉన్నాడు.

"టీచరమ్మా, మీరా లెక్క సెప్పిన కాడ నుంచి మా పిల్ల అన్నం ముట్టడం నేదు. రెండు కీరా ముక్కలు తింటాది, ఏడుస్తాది. నిన్న ప్రేమ్ బజార్లో కళ్లు తిరిగి సైకిల్ల మీద పడిపోనాది. ఆ గౌను పట్టకపోతే ఈ పెళ్లే ఒద్దు నాన్నా అంటంది. జెఫ్రీ బాబు ఫోను సేస్తే కట్ సేసేస్తంది. మీరు చదువుకున్నోరు. ఆ లెక్క ఏదైనా మార్చగలరేటి?"

ఇరవై రెండేళ్లుగా పిల్లలకి లెక్క మారదనే చెబుతున్నాను. చెప్పులేసుకుని తిన్నగా చిలకమ్మ దగ్గరికి పోయాను. జరిగింది చెప్పి, తప్పు నాదేనని ఒప్పుకున్నాను. ఆవిడ తల ఎత్తకుండా దారం కొరికింది.

"తబితకి కబురెట్టు. ఆదివారం చర్చి అయ్యాక గౌను తెమ్మను. పిల్లని నువ్వు తీసుకురా. నీ టేపు మాత్రం ఇంటికాడ ఒదిలీసి రా."

ఆదివారం వచ్చింది. తబిత ట్రంకుపెట్టెతో రిక్షా దిగింది. జెనీ నా వెనకాల నక్కి నక్కి వచ్చింది. పది రోజుల్లో మనిషి చిక్కలేదు గానీ మొహం చిక్కింది. చిలకమ్మ గిన్నెలో ఘుగ్నీ వేసి, పైన ముడీ పోసి, ఉల్లిపాయ ముక్కలు చల్లి జెనీ చేతిలో పెట్టింది.

"ఒద్దత్తా."

"ఖాళీ కడుపు నాను కొలవను. కొలవకపోతే కుట్టను. కుట్టకపోతే నీ పెళ్లికి నువ్వు నైటీతో ఎల్లాల. నీ ఇష్టం."

జెనీ తబితకేసి చూసింది. తబిత కూడా ఆ పరీక్ష దాటి వచ్చిన మనిషే. "తినమ్మా, నా పెళ్లప్పుడూ తినిపించింది ఈ మహాతల్లి," అంది. జెనీ మొదటి చెంచా ఏడుస్తూ తింది. రెండోది ఏడవకుండా తింది. తర్వాత చెంచాలు లెక్కపెట్టలేదు నేను, లెక్కపెట్టడం మానేస్తున్న రోజులవి.

గిన్నె ఖాళీ అయ్యాక స్టూలు, చేతులు పైకెత్తడం, మోకరించడం అన్నీ అయ్యాయి. చిలకమ్మ రిబ్బను తిప్పి, గోరుతో పట్టి, కత్తిరించి పక్కన పెట్టింది. కొలత చెప్పలేదు. అప్పుడు గౌను అడిగింది. పాత శాటిను, మీగడ రంగుకి తిరిగింది, నడుము దగ్గర వెడల్పాటి పట్టీ. చిలకమ్మ దాన్ని తిరగేసి, లోపలి పట్టీ కుట్లు బ్లేడుతో ఒక్కొక్కటే విప్పింది. తబిత తన ప్రాణం విప్పుతున్నట్టు చూస్తూ కూర్చుంది.

"టీచరమ్మా, ఇలగ రా. సూదిలో దారం ఎక్కించు. నాకు కళ్లు ఆనడం నేదు," అంది చిలకమ్మ.

ఆవిడ చీకట్లో కూడా సూదిలో దారం ఎక్కించగలదు. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. ఆవిడ వీపు తబితకి అడ్డంగా ఉంది. విప్పిన పట్టీ లోపల ఒక రిబ్బను ఉంది. ఒకప్పుడు తెల్లగా ఉండేదేమో, ఇప్పుడు టీ రంగులో ఉంది. గౌను బరువంతా నడుము మీద నిలవడానికి లోపల రిబ్బను కట్టడం ఈ పనివాళ్ల పద్ధతి. చిలకమ్మ దానికి వేరే రిబ్బను వాడదు. ఏ పెళ్లికూతుర్ని ఏ ముక్కతో కొలిచిందో ఆ ముక్కనే ఆ పిల్ల గౌను లోపలో, పెళ్లి జాకెట్టు లోపలో పెట్టి కుట్టేస్తుంది. అంటే నా కళ్ల ముందున్నది తబిత పెళ్లినాటి నడుము.

చిలకమ్మ జెనీ రిబ్బనుని దాని పక్కన పరిచింది. ఒక కొస కలిపి, నున్నగా నిమిరింది. రెండో కొస దగ్గర తేడా గోరంత.

నాకు టేపు అక్కర్లేకపోయింది. ఇరవై ఆరు అంగుళాలు ఎక్కడా లేవు. నేను చిలకమ్మ మొహంలోకి చూశాను. ఆవిడ నా మొహంలోకి చూడలేదు. పాత రిబ్బనుని నాలుగు మడతలు పెట్టి రవికెలో దోపుకుంది.

ఆ రిబ్బను ఎత్తి చూపిస్తే ఒక్క నిమిషంలో తగువు తీరిపోయేది. ముప్పై ఏళ్ల గర్వం కూడా దాంతోపాటే పోయేది. చిలకమ్మ స్టూలు మీద నుంచి లేచి, ఎప్పటిలాగే గొంతు సవరించుకుంది.

"జెనీ, నువ్వు భద్రక్."

తబిత నోరు తెరిచింది. "భద్రకా?"

"భద్రకే."

"నాదీ భద్రకే కదా అత్తా!"

"నాకు తెల్దేటి? నానే గదా సెప్పినాను."

అప్పుడు బయటపడింది అసలు కథ. పెళ్లికి ముందు తబితకి భద్రక్ అని కొలత వచ్చింది. ఆ కొలత అత్తవారికి చెప్పాలి. అప్పటి పెళ్లికొడుకు, అంటే జెఫ్రీ తండ్రి, టైమ్‌టేబుల్ తీసి ఖరగ్‌పూర్ నుంచి భద్రక్ దాకా స్టేషన్లు వేళ్ల మీద లెక్కపెట్టాడట. హాల్టులు కలిపితే ఒక అంకె, కలపకపోతే ఇంకో అంకె వచ్చింది. చివరికి ఇరవై ఆరు అని ఖాయం చేశాడు. స్టేషనుకి ఒక అంగుళం. ఆ లెక్కన ఇరవై ఆరు అంగుళాలు. ఈ ఊళ్లో తప్ప ఇంకెక్కడా ఇలాంటి తప్పు జరగదు.

ఈ ఇరవై ఆరు మాట ముప్పై ఏళ్లుగా చిలకమ్మ చెవిన పడుతూనే ఉంది. ఏ ఒక్కరోజూ దిద్దలేదు.

"అయితే ఈ పిల్లదీ ఇరవై ఆరే," అంది తబిత లేచి నిలబడి. ఉన్నట్టుండి ఆగింది. నా వైపు తిరిగింది. "మరి టీచరుగారూ, మీరు ముప్పై నాలుగన్నారట కదా?"

జెనీ చేతిలో ఖాళీ గిన్నె పట్టుకుని నన్నే చూస్తోంది. ఎనిమిదో తరగతిలో కూడా ఇలాగే చూసేది, జవాబు నేను చెబుతానని. అరుగు మీద జగ్గారావు పేజీ తిప్పడం మానేశాడు.

ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఒక్క తప్పు అంకె చెప్పని నోరు నాది. అర మార్కు కోసం ఏడ్చిన పిల్లలకి కూడా ఇవ్వలేదు.

"నా టేపు పాతదండీ. సాగిపోయింది," అన్నాను. "ఇరవై ఆరే."

సాగిన టేపు తక్కువ చూపిస్తుంది గానీ ఎక్కువ చూపించదు. ఏడో తరగతి పిల్లవాడు కూడా పట్టుకుంటాడు. తబిత పట్టుకోలేదు. ఆవిడ వెళ్లి జెనీని వాటేసుకుంది. "నేను చెప్పలేదా, మా ఇంటికి సరిగ్గా సరిపోయే పిల్ల అని," అంది. అలా ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు. అయినా ఆ పూట అక్కడ అబద్ధాలకి కొరత లేదు కనుక అదీ చెల్లిపోయింది. జెనీ అత్తగారి భుజం మీద నుంచి నాకేసి చూసి, ఆ నవ్వు నవ్వింది. ఎదురుగా ఉన్న మిఠాయికొట్టు బెంగాలీ దాదా బయటికొచ్చి చూశాడు.

"పిల్ల నీకంటే పొడుగు తబితా," అంది చిలకమ్మ, గౌనుని జెనీ మీద ఆనించి. "నీకు ప్లాట్‌ఫారం అయినది ఈ పిల్లకి పైకి ఎగదన్ని ఓవర్‌బ్రిడ్జి అవుతాది. మంచిదే. కింద నాలుగు బెత్తల కుచ్చు ఏసి పొడుగు సేస్తాను. గాలి బాగా తగుల్తాది."

వాళ్లిద్దరూ ఒకే రిక్షాలో వెళ్లాక నేను కదల్లేదు. అడగాల్సింది ఉండిపోయింది.

"ఎందుకండీ ఈ స్టేషన్లు?"

చిలకమ్మ కుట్లు విప్పుకుంటూ మామూలుగానే చెప్పింది. "నాను కొత్తగా పెళ్లయి ఈ ఊరొచ్చినప్పుడు ఒక టైలరు నా కొలత వీధిలోకి వినబడేలా అరిసినాడు. కుళాయి కాడ నన్ను ఏడాదిపాటు ఆ అంకెతోనే పిలిసినారు. పేరెట్టి పిలవనేదు. అంకె సెప్తే అది ఇంటికెల్తాది, వీధికెల్తాది, మరి తిరిగి రాదు. టేసను పేరైతే ఎవులికీ బాధ నేదు. ఇనడానికీ బాగుంటాది."

"మరి ఏ నడుముకి ఏ స్టేషనో మీకెలా గుర్తుంటుంది?"

"గుర్తేటి? రిబ్బను ఉన్నాది గదా కుట్టడానికి. టేసను పేరు ఊరికినే. ఆ దినం మా ఆయన గూడ్సు ఎక్కడ ఆగిపోతే అక్కడిది సెప్పీసేదాన్ని. ఆయనెలాగూ ఇంటికి రాడు, పేరైనా ఇంట్లో ఇనబడతాది గదా. ఇప్పుడు రిటైరయిపోనాడు. ఏ పేజీ తెరిసి కూకుంటే అది." ఆగి, పళ్లతో దారం తెంపింది. "ఈయాల మాత్రం కావాలనే సెప్పినాను."

అంటే నేకుర్‌సేని అంటే, పందొమ్మిదేళ్ల కిందట ఒక గూడ్సుబండి అక్కడ తొమ్మిది గంటలు కదలకుండా నిలబడింది. అంతే. నేను గ్రాఫు గీశాను. ఎంతసేపు నవ్వానో తెలియదు. జగ్గారావు లోపలికి తొంగి చూసి, "టీచరమ్మకేటైనాది?" అన్నాడు.

పెళ్లి అనుకున్న రోజునే అయింది. జెనీ చర్చిలో మోకరించినప్పుడు గౌను ఎక్కడా బిగుసుకోలేదు, ఎక్కడా జారలేదు. మీగడరంగు శాటిను కింద కొత్త తెల్లకుచ్చు చూసి అదే ఫ్యాషనేమో అనుకున్నారు కొందరు. బయటికొచ్చాక తబిత కనబడిన ప్రతి మనిషికీ చెబుతోంది. "మా కోడలిదీ ఇరవై ఆరే. నమ్మకపోతే టీచరుగారిని అడగండి, కొలిచింది ఆవిడే." వాళ్లు నా వైపు తిరిగేవారు. నేను తల ఊపేదాన్ని. అలా ఆ రోజు పదిహేను, పదహారు సార్లు ఊపాను. జెనీ పక్కనే నిలబడి మూడో ప్లేటు బిరియానీ తింటోంది. ఆ బుగ్గల్లో మాట్లాడటానికి చోటు లేదు గనుక కళ్లతోనే నవ్వుతోంది.

మర్నాడు నేను పాత పెట్టె తీసి నా పెళ్లి జాకెట్టు వెతికాను. కింది పట్టీ తడిమితే లోపల రిబ్బను తగిలింది. కత్తెర చేతిలోకి తీసుకున్నాను. టేపు పక్కనే ఉంది. రెండు కుట్లు విప్పితే చాలు, పందొమ్మిదేళ్ల ప్రశ్నకి జవాబు. కత్తెర పక్కన పెట్టి జాకెట్టు తొడుక్కోబోయాను. మోచేతి దగ్గర ఆగిపోయింది.

సాయంత్రం ఝపటాపూర్ వెళ్లాను. చిలకమ్మ నా చేతికి ముందు గిన్నె ఇచ్చింది. ఘుగ్నీ అంతా తిన్నాక స్టూలెక్కి చేతులెత్తాను. రిబ్బను తిప్పింది. ఈసారి చాలా దూరం తిప్పినట్టే అనిపించింది. కత్తిరించి, బయట అరుగుకేసి చూసింది. జగ్గారావు టైమ్‌టేబుల్ మొహాన కప్పుకుని నిద్రపోతున్నాడు.

"ఏ స్టేషనండీ?" అన్నాను.

"ఈయాల ఆయన ఇంటికాడే ఉన్నాడు గదా," అంది చిలకమ్మ. "నువ్వు ఖరగ్‌పూరు."

నేను కడుపు లోపలికి లాక్కోలేదు. ఎంతని అడగనూ లేదు.